రేలీ-బెనార్డ్ కన్వెక్షన్: నాకు 657.5 వస్తోంది, పుస్తకంలో 1708 ఉంది. ఏది రైటు?

శ్రీకాకుళం కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టు రేలీ-బెనార్డ్ కన్వెక్షన్ మీద. కింద వేడి ప్లేటు, పైన చల్లటి ప్లేటు, మధ్యలో ద్రవం. ఎంత ఉష్ణోగ్రత తేడా దగ్గర ద్రవం కదలడం మొదలుపెడుతుందో లీనియర్ స్టెబిలిటీతో కనుక్కోవాలి. వేగానికి సైన్ ఫంక్షన్ పెట్టి చేస్తే క్రిటికల్ రేలీ నంబర్ (ఉష్ణోగ్రత తేడా ఎంతైతే కదలిక మొదలవుతుందో చెప్పే సంఖ్య) 657.5 వస్తోంది. ఎన్నిసార్లు సరిచూసినా అంతే. పుస్తకంలో 1708 ఉంది. వైవాలో ఇదే అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

ఇంకో మాట. రేలీ 1916లోనే చేసేసిన లెక్కని మళ్లీ చేస్తే అది రీసెర్చ్ ఎలా అవుతుంది? ఫిజిక్స్ ఫ్రెండ్స్ ఇది మ్యాథ్స్ అంటారు, మ్యాథ్స్ వాళ్లు ఫిజిక్స్ అంటారు. నాకైతే పీహెచ్‌డీ ఇందులోనే చేయాలని ఉంది.

లెక్చరర్, వరంగల్:
సైన్ పెట్టావంటే రెండు అంచులూ ఫ్రీ అని తీసుకున్నట్టే. దానికి జవాబు 27 పై పవర్ ఫోర్ బై 4, అంటే 657.5. పుస్తకంలోది రెండు గట్టి ప్లేట్లకి. రెండూ రైటే.

పల్చటి పొర:
వరంగల్ సార్ చెప్పింది కరెక్టే. కానీ తమ్ముడూ, అక్కడితో ఆపకు. ఫ్రీ అంచు దగ్గర ద్రవం పక్కకి జారిపోవచ్చు. నిలువు వేగమూ, దాని రెండో డెరివేటివూ సున్నా అయితే చాలు, సైన్ చక్కగా సరిపోతుంది, పనంతా కాగితం మీదే అయిపోతుంది. రేలీ ఆ అంచులు తీసుకున్నది లెక్క తెగుతుందనే. గట్టి ప్లేటుకైతే ద్రవం అంటుకుని ఉంటుంది, నిలువు వేగంతో పాటు దాని మొదటి డెరివేటివ్ సున్నా కావాలి. అక్కడ సైన్ పనికిరాదు, ఆరో ఆర్డర్ ఈక్వేషన్‌ని కంప్యూటర్‌కి ఇవ్వాల్సిందే. అంచు పట్టి ఉంచుతుంది కాబట్టి 1707.76 దాకా వెళ్తే గానీ ద్రవం కదలదు. కింద గట్టి ప్లేటు, పైన ఫ్రీ అయితే 1100.65. చెబిషెవ్ పాయింట్లు (మందం పొడవునా లెక్క కట్టే చోట్లు) ఇరవై పెట్టు, ఒకే కోడ్‌లో మూడూ వస్తాయి. వేవ్ నంబర్ కూడా రాయి: ఫ్రీ అంచులకి 2.22 ఉన్నది గట్టి ప్లేట్లకి 3.12 అవుతుంది, అంటే ద్రవం సుడి తిరిగే గదులు ఇరుకవుతాయి. రిపోర్టుల్లో చాలామంది దీన్ని వదిలేస్తారు.

ఇక రీసెర్చ్ సంగతి. 1900లో పారిస్‌లో హెన్రీ బెనార్డ్ తిమింగలం మైనాన్ని కరిగించి, మిల్లీమీటరు కూడా లేని పొరగా పరిచి, కింద వేడి చేశాడు. పైన తేనెపట్టులా షట్కోణాలు కట్టాయి. వేడి ద్రవం తేలికై పైకి లేస్తుందని, అందుకే ఇలా అయిందని రేలీ లెక్క కట్టాడు. లెక్కలో లోపం లేదు. కానీ అంత పల్చటి పొరల్లో రేలీ హద్దుకి చాలా కిందే గదులు కట్టేస్తున్నాయి! 1956లో బ్లాక్ అనే శాస్త్రవేత్త ద్రవం మీద ఒక అణువు మందం పొర పరిచి చూశాడు, గదులు మాయమయ్యాయి. 1958లో పియర్సన్ గణితం పూర్తి చేశాడు: నడిపిస్తున్నది ఉపరితల తన్యత. ఆయన చూపిన సాక్ష్యం నాకెంతో ఇష్టం. ఆరుతున్న పెయింటులో కూడా ఈ గదులు కడతాయి, పెయింటు ఉన్న వైపు కిందికి తిప్పి పెట్టినా కడతాయి. తేలిక వల్లే అయితే తిప్పినప్పుడు ఆగిపోవాలి కదా.

ఇది నీ ఈక్వేషన్‌లోనే కనిపిస్తుంది. రేలీ నంబర్ మందం క్యూబ్‌తో పెరుగుతుంది, ఉపరితల తన్యత బలాన్ని కొలిచే మరాంగొని నంబర్ మందంతో మాత్రమే. పొర పల్చబడేకొద్దీ మొదటిది కుప్పకూలుతుంది, రెండోది మెల్లగా తగ్గుతుంది. ఇక్కడ మ్యాథ్స్ ఎక్కడ ఆగింది, ఫిజిక్స్ ఎక్కడ మొదలైంది? నేను రోజూ చేసేది ఇలాంటి పొరల మీద పనే, ఆ గీత నాకెప్పుడూ కనపడలేదు. అంచు దగ్గర ఏం రాశామో ప్రకృతి అదే చేస్తోందా అని అడగడమే నా పనిలో సగం. నువ్వు 657.5 దగ్గర ఆగి ఇక్కడికి వచ్చి అడిగావు చూడు, అది రీసెర్చ్ చేసేవాళ్లు చేసే పనే.

జెస్ట్ రాసినవాడు:
పీహెచ్‌డీకి: ఐసీటీఎస్ బెంగళూరు, ఐఎంఎస్సీ చెన్నైల్లో ఫిజిక్స్ వైపు వెళ్లాలంటే జెస్ట్ ప్రవేశ పరీక్ష రాయి. బెంగళూరులోనే ఉన్న టీఐఎఫ్ఆర్ అప్లైడ్ మ్యాథ్స్ సెంటర్‌కి టీఐఎఫ్ఆర్ వాళ్ల పరీక్ష వేరే ఉంటుంది. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించే గుచ్చి గుచ్చి అడుగుతారు, కాబట్టి పైన చెప్పినవన్నీ చేసి వెళ్లు.

శ్రీకాకుళం కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, కోడ్ రాశాను, 1707.76 వచ్చింది! 1100.65 కూడా వచ్చింది. ఇంకేం మార్చి చూడమంటారు?

పల్చటి పొర:
శభాష్. ఇప్పటిదాకా వేగం కండిషన్లే మార్చావు, ఉష్ణోగ్రతవి ముట్టుకోలేదు. ప్లేట్లు వేడిని సరిగ్గా మోయలేకపోతే వాటి ఉష్ణోగ్రత స్థిరంగా ఉందని రాయలేం, లోపలికి వచ్చే వేడి స్థిరం అని రాయాలి. రెండు గట్టి ప్లేట్లకీ అలా రాసి చూడు. 720 వస్తుంది, వేవ్ నంబర్ సున్నా, గది వెడల్పుకి హద్దే ఉండదు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, వేవ్ నంబర్ చిన్నదని తీసుకుని సిరీస్‌గా విడగొడితే చేత్తోనే వస్తుంది. స్టెప్పులన్నీ ఇక్కడే పెట్టు, నేను చూస్తాను.