ఓలివర్ ఎవాన్స్ కొత్తగా కనిపెట్టింది ఏమిటి?

ప్రశ్న:
మా నాన్నగారు తూర్పు గోదావరిలో రైస్ మిల్లు నడిపేవారు. గుంతలో పోసిన ధాన్యాన్ని బకెట్ ఎలివేటర్ పై అంతస్తుకు ఎత్తుకుపోతుంటే కన్నార్పకుండా చూసేవాణ్ణి. ఈ పద్ధతిని 1780లలో అమెరికా పిండి మరల్లోకి తెచ్చింది ఓలివర్ ఎవాన్స్ అని చదివాను. గొలుసుకు బొక్కెనలు కట్టి నీళ్లు తోడడం ఎప్పటినుంచో ఉన్నదే కదా. మరి ఆయన ప్రత్యేకత ఏమిటో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం 1:
మీ సందేహం సబబే. బొక్కెనల గొలుసూ, ధాన్యాన్ని అడ్డంగా తోసుకుపోయే స్క్రూ ఆయన సొంతం కావు. అప్పటి మరల్లో పనివాళ్లు గోతాలు మోస్తూ మెట్లెక్కేవారు. రాళ్ల నుంచి వేడిగా, చెమ్మగా వచ్చిన పిండిని ఒక కుర్రాడు నేల మీద పరిచి దంతెతో తిరగేసేవాడు, కాళ్ల మట్టి కూడా అందులో కలిసేది. ఎవాన్స్ ఆ దంతెను నిలువు ఇరుసుకు తగిలించి గుండ్రంగా తిప్పారు. అది పిండిని చల్లార్చి జల్లెడకు చేరవేస్తుంది. దాన్ని 'హాపర్ బాయ్' అనేవారు, అంటే ఆ కుర్రాడి పేరే యంత్రానికి వచ్చింది. ఇవన్నీ మర చక్రం బలంతోనే వరుసగా నడిచేలా అమర్చడమే నా దృష్టిలో అసలు ఆవిష్కరణ. 1790లో అమెరికా ఇచ్చిన మూడో పేటెంటు ఇదే. మరుసటి ఏడాది జార్జి వాషింగ్టన్ కూడా మౌంట్ వెర్నన్‌లోని తన మరలో ఈ ఏర్పాటు చేయించుకున్నారు.

సమాధానం 2:
ఆ పేటెంటే ఆయన్ను కోర్టుల చుట్టూ తిప్పింది. 1808లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ప్రత్యేక చట్టంతో దాన్ని పునరుద్ధరించాక ఆయన రుసుము గట్టిగా వసూలు చేయసాగారు, మరల యజమానులు మీ ప్రశ్ననే లేవనెత్తారు. 1813లో అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, ఈ పేటెంటు గురించి తనను అడిగిన ఐజాక్ మెక్‌ఫర్సన్‌కు రాసిన లేఖలో బొక్కెనల గొలుసు కొత్తది కాదన్నారు. ఒకరి కొవ్వొత్తి నుంచి మరొకరు వెలిగించుకున్నంత మాత్రాన మొదటివారి వెలుగు తగ్గదు, ఆలోచన కూడా అంతే అన్న ప్రసిద్ధమైన మాట ఆ లేఖలోదే. బండి చక్రాలు చేసే యజమాని కొవ్వొత్తి ఇవ్వకపోతే, చిత్రిక పట్టిన పొట్టు వెలిగించుకుని చదువుకున్న కుర్రాడు ఎవాన్స్. ఆయన హక్కు గురించిన తగవులోనే ఈ మాట పుట్టిందని తలచుకుంటే నా మనసు చివుక్కుమంటుంది.

సమాధానం 3:
ఆయన ఆవిరి యంత్రాలను కూడా మరవకూడదు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కంటే చిన్నదైన అధిక పీడన యంత్రాన్ని తయారుచేసి, 1805లో ఫిలడెల్ఫియా రేవు పూడిక తీయడానికని కట్టిన యంత్రంలో అమర్చారు. 1819 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఉండగా తన కార్ఖానా తగలబడిందన్న కబురు విని, కొద్దిరోజులకే కన్నుమూశారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండి. మా మిల్లులో ధాన్యాన్ని ఎలివేటరే ఎత్తేది గానీ, ఉడికించిన ధాన్యాన్ని కళ్లంలో ఎండబెట్టి దంతెలతో తిరగేసింది మాత్రం కూలీలే.