జర్మన్ చర్చి రిజిస్టర్లలో ముగ్గురు అన్నదమ్ములకూ యోహాన్ పేరేనా?

ప్రశ్న:
18వ శతాబ్దపు జర్మన్ చర్చి రిజిస్టర్ల ఆధారంగా ఒక కుటుంబపు వంశవృక్షాన్ని కూర్చుతున్నాను. ఒకే దంపతుల ముగ్గురు కొడుకులకూ బాప్తిస్మ నమోదులో మొదటి పేరు యోహాన్ అనే ఉంది. వివాహాల రిజిస్టరులో యోహాన్ ఎవరూ లేరు గానీ, అదే తండ్రి పేరుతో మిఖాయెల్ అనే వరుడు ఉన్నాడు. ఇతడు ఆ ముగ్గురిలో ఒకడేనా, దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
ముగ్గురిలో ఒకరి పూర్తి పేరు యోహాన్ మిఖాయెల్ అయితే, చాలావరకు అతడే. యోహాన్ అనేది ఎక్కువగా బాప్తిస్మంలో ముందు చేర్చే పేరు మాత్రమే. నిత్యవ్యవహారంలో మనిషిని రెండో పేరుతోనే పిలిచేవారు, దానినే రూఫ్‌నామె అంటారు. అయితే యోహానెస్ అని పూర్తిగా రాసి ఉంటే అదే పిలుపు పేరు కావచ్చు. ఖననాల రిజిస్టరు కూడా తప్పక చూడండి, ఎందుకంటే బిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అప్పట్లో సర్వసాధారణం.

జవాబు 2:
ముద్దుపేర్లను కూడా దృష్టిలో ఉంచుకోండి. జర్మన్‌లో తరచు పేరు ముందుభాగం పోయి చివరిభాగం మిగులుతుంది: యోహానెస్ హానెస్ అవుతాడు, సెబాస్టియన్ బాస్టియన్ అవుతాడు, కతరీనా ట్రీనె అవుతుంది. స్త్రీల ఇంటిపేరుకు చివర ‘ఇన్’ చేర్చేవారు కనుక, ముల్లెరిన్ అని కనిపిస్తే ముల్లెర్ కుటుంబంలోనే వెతకాలి.

జవాబు 3:
కుటుంబం జర్మనీ వాయువ్య ప్రాంతమైన వెస్ట్‌ఫాలియాకు చెందినదైతే మరో చిక్కుంది. అక్కడ వ్యవసాయ క్షేత్రానికి అల్లుడిగా వచ్చినవాడు ఆ క్షేత్రం పేరునే ఇంటిపేరుగా స్వీకరించేవాడు. రెండు ఇంటిపేర్ల మధ్య ‘గెనాంట్’ (‘అని పిలువబడే’) అని ఉంటే రెండింటి కిందా వెతకండి.