ఎండ్ జోన్ దాటిన ఫంబుల్‌కి టచ్‌బ్యాక్: ఈ రూల్ ఉండాలా, పోవాలా?

బ్రౌన్స్ అభిమాని:
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో నాకు ఎంతకీ మింగుడుపడని రూల్ ఇది. మైదానంలో ఇంకెక్కడైనా మనవాడి చేతిలోంచి బంతి జారి (అదే ఫంబుల్) సైడ్‌లైన్ దాటిపోతే, బంతి మనకే ఉంటుంది. ముందుకు దొర్లి బయటికెళ్తే జారిన చోటికే తెచ్చి పెడతారు, అంతే. అదే బంతి ఎదుటివాళ్ల గోల్ లైన్ దాటి, ఎవరికీ చిక్కకుండా ఎండ్ జోన్‌లోంచి (గోల్ లైన్ వెనకుండే, స్కోరు చేసే భాగం) బయటికి పోతే మాత్రం టచ్‌బ్యాక్. బంతి వాళ్లకి, వాళ్ల 20 గజాల గీత దగ్గర.

2021 జనవరి 17, కాన్సస్ సిటీలో చీఫ్స్‌తో మా బ్రౌన్స్ ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్. 16-3తో వెనకబడి ఉన్నాం. హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు మా రషార్డ్ హిగ్గిన్స్ క్యాచ్ పట్టి, గోల్ లైన్ మీదకి ఎగిరి చెయ్యి చాపాడు. చీఫ్స్ డిఫెండర్ డేనియల్ సోరెన్సన్ హెల్మెట్‌తో గుద్దాడు. బంతి జారి ఎండ్ జోన్ పక్కనుంచి బయటికి పోయింది. ఆ హెల్మెట్ దెబ్బకి ఫ్లాగ్ (ఫౌల్ అని చూపే జెండా) పడలేదు, రివ్యూలో దాన్ని సరిచేయడానికీ వీల్లేకపోయింది. చీఫ్స్ ఆ బంతితోనే వెళ్లి ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నితే వచ్చే మూడు పాయింట్లు) కొట్టారు, 19-3. చివరికి 22-17తో ఓడిపోయాం. ఒక్క డిఫెండర్ కూడా పట్టుకోని బంతిని డిఫెన్స్‌కి ఎలా ఇస్తారు?

గోల్‌లైన్ గుంటూరు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఈ రూల్‌ని ఫంబుల్ కోసం విడిగా పెట్టలేదు. బంతి గోల్ లైన్ వెనక డెడ్ అయితే రెఫరీలు చూసేది ఒక్కటే: దాన్ని అక్కడికి పంపిన బలం ఎవరిది? మనవాడు జారవిడిచిన బంతి మన ఎండ్ జోన్‌లోంచే బయటికి పోతే సేఫ్టీ. రెండు పాయింట్లూ వాళ్లకి పోతాయి, ఆపైన బంతి కూడా మనమే తన్ని వాళ్లకివ్వాలి. దాని మీద ఎవరూ గొడవ చేయరు. మన పంట్ (బంతిని వాళ్లకి వదిలేస్తూ దూరంగా తన్నే కిక్) వాళ్ల ఎండ్ జోన్ దాటితే టచ్‌బ్యాక్, దాని మీదా గొడవ లేదు. ఇదీ ఆ వరసలోదే.

ఇంకో మాట. చెయ్యి చాపమని ఎవరూ బలవంతం చేయలేదు. రెండు చేతులతో బంతిని ఛాతీకి అదుముకుని ఒక గజం ముందు పడిపోతే, తర్వాతి ప్లే ఉండనే ఉంది.

ఆదివారం ఆట:
1978 సెప్టెంబర్ 10న శాన్ డియాగోలో జరిగింది మరిచిపోకండి. చివరి ప్లేలో రెయిడర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) కెన్ స్టేబ్లర్ బంతిని ముందుకు జారవిడిచాడు, అతని జట్టువాడు పీట్ బనాజాక్ ఇంకాస్త ముందుకు నెట్టాడు, డేవ్ క్యాస్పర్ తన్నుకుంటూ వెళ్లి ఎండ్ జోన్‌లో దాని మీద పడ్డాడు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. శాన్ డియాగో జట్టు ఛార్జర్స్ 21-20తో ఓడిపోయారు. ఫంబుల్‌కి భయం లేకపోతే మళ్లీ ఇలాంటివే చూస్తాం.

బ్రౌన్స్ అభిమాని:
@ఆదివారం ఆట, దానికి మందు 1979లోనే వేశారు కదండీ. నాలుగో డౌన్‌లో గానీ (పది గజాలకి దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిది), చివరి రెండు నిమిషాల్లో గానీ జారవిడిచినవాడు తప్ప అతని జట్టులో ఇంకెవరు పట్టుకున్నా బంతి ముందుకు పోదు, జారిన చోటికే వస్తుంది. ఆ మోసం ఆపడానికి టచ్‌బ్యాక్ అక్కర్లేదు.

@గోల్‌లైన్ గుంటూరు, పంట్ అంటే బంతిని మనమే ఇచ్చేయడం. ఫంబుల్ అలా కాదు. రెండింటినీ ఒకే గాటన కడితే ఎలా?

కొత్తగా చూస్తున్నా:
మధ్యలో ఒక డౌట్. అదే ఎండ్ జోన్‌లో ఎవరైనా బంతిని పట్టుకుంటే?

గోల్‌లైన్ గుంటూరు:
ఆఫెన్స్ (బంతితో దాడి చేసే జట్టు) పట్టుకుంటే టచ్‌డౌన్, పైన అన్న చెప్పిన మినహాయింపు తప్ప. డిఫెన్స్ అక్కడే దాని మీద పడిపోతే టచ్‌బ్యాక్. లేచి పరిగెత్తాలనుకుంటే పరిగెత్తొచ్చు.

బ్రౌన్స్ అభిమాని:
ఈ రూల్ డిఫెన్స్‌కి ఎలాంటి ఆశ పుట్టిస్తుందో కూడా చూడండి. 2015 అక్టోబర్ 5, సియాటిల్. గోల్ లైన్ అంచున సియాటిల్ డిఫెండర్ క్యామ్ ఛాన్సలర్ గుద్దితే లయన్స్ ఆటగాడు కాల్విన్ జాన్సన్ చేతిలోంచి బంతి ఎగిరిపోయింది. నిజంగా గొప్ప దెబ్బ, ఒప్పుకుంటా. కానీ ఎండ్ జోన్‌లో దొర్లుతున్న బంతిని సియాటిల్ ఆటగాడు కె.జె. రైట్ పట్టుకోలేదు, చేత్తో బయటికి నెట్టేశాడు. కావాలని అలా నెట్టడం ఫౌల్. రెఫరీలు ఫ్లాగ్ వేయలేదు, లయన్స్ 13-10తో ఓడారు. తప్పు జరిగిందని తర్వాత లీగే ఒప్పుకుంది. బయటికి పోతే చాలు, బంతి మనదే అన్నప్పుడు పట్టుకునే శ్రమ ఎవరు పడతారు?

నేను అడిగేది పెద్దదేం కాదు. బంతి ఆఫెన్స్‌కే ఉంచండి, కానీ 20 గజాల గీతకి వెనక్కి తీసుకెళ్లండి, డౌన్ కూడా లెక్కలో పోనివ్వండి.

గోల్‌లైన్ గుంటూరు:
ఆ లెక్కన 2017 డిసెంబర్ 17, ఓక్లాండ్ చూద్దాం. కౌబాయ్స్ 20-17 ఆధిక్యంలో ఉన్నారు, 31 సెకన్లు మిగిలాయి. మూడో డౌన్‌లో రెయిడర్స్ క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ పైలాన్ (ఎండ్ జోన్ మూలనుండే గుర్తు) వైపు దూకి చెయ్యి చాపాడు, బంతి జారి ఎండ్ జోన్‌లోంచి బయటికి పోయింది. మీ రూల్ అయితే నాలుగో డౌన్, 20 దగ్గర నుంచి (ఎండ్ జోన్ లోతు, తన్నడానికి వెనక్కి జరిగేది కలిపి) సుమారు 37 గజాల ఫీల్డ్ గోల్. ఎన్ఎఫ్ఎల్ కిక్కర్లకి అది నల్లేరు మీద నడక, స్కోరు సమం. అంత ముఖ్యమైన క్షణంలో బంతి జారవిడిచినవాడికి అంత తేలిగ్గా ఇంకో అవకాశం ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

బ్రౌన్స్ అభిమాని:
నేను ఒప్పుకుంటా తమ్ముడూ. 37 గజాలైనా కిక్కర్ తన్ని తీరాలిగా. గెలుపోటములు ఆ కిక్ మీద తేలనివ్వండి. ఎవరూ పట్టుకోని బంతి గీతకి ఏ పక్కనుంచి బయటికి పోయిందన్న దాని మీద కాదు.