రెన్‌ఫ్రూ ఒబ్రయన్ గురించి తెలిసినవాళ్లున్నారా?

కెనడా ఐస్ హాకీ చరిత్ర చదువుతూ మైకేల్ జాన్ ఒబ్రయన్ దగ్గర ఆగిపోయాను. 1851లో నోవా స్కోషియాలో పుట్టి, రైల్వే కాంట్రాక్టులతో ఎదిగి, ఒంటారియోలోని కోబాల్ట్ వెండి గనులతో బాగా గడించి, 1918లో సెనేటర్ అయిన మనిషి. 1909 డిసెంబర్లో నేషనల్ హాకీ అసోసియేషన్ అనే లీగ్ పెట్టినవాళ్లలో ఆయన కొడుకు ఆంబ్రోస్ ముఖ్యుడు. నేటి మాంట్రియల్ కెనడియన్స్ జట్టుకి మొదట్లో డబ్బు పెట్టిందీ ఆ కుటుంబమే. సొంతూరు రెన్‌ఫ్రూ జట్టుకి అప్పటి స్టార్ ఆటగాడు సైక్లోన్ టేలర్‌ని 5,250 డాలర్లిచ్చి తెచ్చుకున్నారు, అదీ ఒక్క సీజన్‌కి! నాకైతే పిచ్చి ఖర్చే అనిపించింది.

ఇంతకీ పెద్దాయన ఇదంతా ఇష్టపడే పెట్టాడా, లేక కొడుకు సరదా కాదనలేకనా? ఆయన ఉత్తరాలు, కంపెనీ లెక్కలు ఏ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో చూడగలిగేవైతే మరీ మంచిది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.