అప్‌డేట్: నాన్నగారితో ట్యాంకుల మ్యూజియం చూసి వచ్చాము

మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారిని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) ట్యాంకుల మ్యూజియానికి తీసుకువెళ్ళవచ్చా అని ధర్మాబాద్ నుంచి అడిగినది నేనే. పొద్దున్నే వెళ్ళమన్న మీ సలహా మమ్మల్ని కాపాడింది. పదకొండు దాటేసరికి ఆరుబయట నిలిపిన ఆ ఉక్కు నుంచి పొయ్యి పక్కన కూర్చున్నట్టు సెగ కొట్టింది. 1994లో మొదలైన ఆ మ్యూజియంలో మటిల్డా, చర్చిల్ వంటి రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకులను త్వరగానే దాటేసిన నాన్నగారు, 1965 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం నమ్ముకున్న పాటన్ రకం ట్యాంకు ముందు మాత్రం అరగంట కదలలేదు. ఒక్కో పక్క ఆరేసి చక్రాలు లెక్కపెట్టి, గొలుసు పట్టీ వైపు వంగి చూసి, "మన ట్రాక్టరు దీని ముందు మేకపిల్లరా" అన్నారు. చెన్నై దగ్గరి ఆవడిలో తయారైన విజయంత ట్యాంకు పక్కన ఫోటో దిగాము. మడత కుర్చీ వెంట ఉండడంతో మోకాళ్ళు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.