సైకిల్ మీదే లాంగ్ ఎక్స్‌పోజరా, దిగి ప్యానింగా?

గట్టుమీద_గేర్ (కర్నూలు): కేసీ కాలువ గట్టున సైకిల్ తొక్కుతూ, పక్కన పోయే సైకిళ్లను, ఆటోలను లాంగ్ ఎక్స్‌పోజర్‌లో, అంటే షట్టర్ సెకనులో 15వ వంతు సేపు తెరిచి తీయాలి. కెమెరా హ్యాండిల్‌కు బిగించినా. ఎండలో ఫొటో తెల్లగా పేలిపోతోంది, సాయంత్రం అంతా మసకే. ఎక్కడ చెడుతోంది?

కడప_పెడల్: రెండు తప్పులున్నాయన్నా. మంచి ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం సైజు) దగ్గర సెకనులో 400వ వంతు చాలు. 15వ వంతుకు దించాలంటే ఎన్‌డీ32 ఫిల్టర్, అంటే వెలుగును 32వ వంతుకు తగ్గించే గాజు, వేయాల. ఫిల్టర్ లేకుండా లెన్సు రంధ్రాన్ని ఎఫ్/22కు మూస్తే ఫొటో మెత్తబడుతుంది, సెన్సర్ మీది దుమ్ము చుక్కలు కూడా పడతాయి.

రెండోది, హ్యాండిల్ మీద వద్దు. బ్యాలెన్స్ కోసం హ్యాండిల్ అటూ ఇటూ ఆడుతుంటుంది, దాంతోపాటే కెమెరా. ఒక్క డిగ్రీ తిరిగినా 2 మీటర్ల దూరంలో మూడున్నర సెం.మీ. జారుతుంది. సీటు కింది గొట్టానికి బిగించి, ఇంటర్వల్ టైమర్ (తనంతట తానే కొద్దిసేపటికొకటి తీసేది) పెట్టి వదిలేయండి. అదురు తగ్గాలంటే, 32 ఎంఎం టైర్లయితే గాలి 70 నుంచి 50 పీఎస్‌ఐకి దించండి.

అనంత_ట్రైపాడ్: ఇంత తిప్పలెందుకప్పా? సైకిల్ దిగు, రోడ్డు పక్కన నిలబడు, నడుము తిప్పుతూ ప్యానింగ్ చెయ్యి, అంటే పోయే బండితోపాటే కెమెరాను తిప్పుతూ తియ్యి. 30వ వంతుతో మొదలుపెట్టి 15కు రా. లెన్సులో స్టెబిలైజర్‌కు (అదురు తగ్గించేది) ప్యానింగ్ కోసం మోడ్ 2 ఉంటే అది వేయి.

నంద్యాల_రైడర్: ఫోన్ మాత్రం బిగించొద్దండోయ్. బైకు అదురుకు కెమెరా పాడవ్వొచ్చని ఆపిల్ 2021లోనే చెప్పింది.

కడప_పెడల్: అది పెద్ద ఇంజన్ల బైకుల సంగతి. సైకిల్‌కు ఇంజనుందా?

నంద్యాల_రైడర్: గతుకులున్నాయి కదా.

అనంత_ట్రైపాడ్: గతుకుల మాట వదిలెయ్యండి. పోయిన పోటీలో నా ప్యానింగ్ ఫొటోను పక్కన పడేసి, ఇట్లాంటి గీతల బొమ్మకు బహుమతిచ్చినారు. మనిషెవరో తెలీదు, బండేదో తెలీదు, అదొక ఫొటోనా?

కడప_పెడల్: పోటీ కోపం నా మీద తీర్చుకోకండి. గంటకు 15 కి.మీ. మీద 15వ వంతులో సైకిల్ 28 సెం.మీ. పోతుంది. పక్కోడు అదే వేగంలో వస్తే వాడు పదునుగా ఉంటాడు, చెట్లు గీతలవుతాయి. ఒక్క కిలోమీటరు తేడా వస్తే వాడి మొహం 2 సెం.మీ. చెదురుతుంది, అంతే.

అనంత_ట్రైపాడ్: అంతేనా! 2 సెం.మీ. అంటే కన్నే పోయింది. ఇంక ఆటో 30లో పోతుంటే?

కడప_పెడల్: 28 సెం.మీ. సాగుతుంది. సాగనీ. నాక్కావాల్సింది ఆటోవాడి మొహం కాదు, తొక్కేవాడికి రోడ్డు ఎట్లా కనపడుతుందో అది.

అనంత_ట్రైపాడ్: ఇదీ అసలు మాట! ఆయన అడిగింది పక్కన పోయేవాళ్లను తీయాలని. నువ్వు తొక్కేవాడి చూపును తీయమంటున్నావు. ఇంతసేపూ క్లాంపులు, గాలి లెక్కలు ఎందుకు చెప్పినట్టు?

కడప_పెడల్: పక్క సైకిల్‌కు ఆ లెక్కలు పనికొస్తాయి. ఆటోకు పనికిరావని ఒప్పుకుంటా. మీరు నిలబడి తీసిన ఫొటోలో మాత్రం తొక్కేవాడు ఎక్కడున్నాడు?

గట్టుమీద_గేర్: నాకు ఆటోలే ముఖ్యం. సీటు గొట్టానికి బిగించి, షట్టర్ 60వ వంతుకు పెంచితే?

అనంత_ట్రైపాడ్: ఆటో అప్పుడు కూడా 7 సెం.మీ. జారుతుంది. దిగు సామీ.

కడప_పెడల్: దిగొద్దు. ఆటో నీ వేగానికి తగ్గే మలుపు దగ్గర తియ్యి. 60వ వంతుకైతే ఎన్‌డీ32 తీసేసి ఎన్‌డీ8 వేసుకో.