లొల్ల లాకులకి తాళం ఎక్కడుంది?

ఆత్రేయపురం టీచరు:
నమస్కారమండి. సాయంత్రాలు ఇంటి దగ్గర పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను. నిన్న చదివించిన కథలో ‘లాక్ ఆఫ్ హెయిర్’ అని వచ్చింది. లాక్ అంటే తాళమని బట్టీ పట్టిన పిల్లలు, జుట్టుకి తాళమేంటని పట్టుకున్నారు. ఇంతలో ఇంకో పాప “మరి లొల్ల లాకులకి తాళం ఎక్కడుంది టీచర్?” అంది. లొల్ల మా దగ్గరి ఊరే, అక్కడ కాలవ మీద నీళ్లని ఆపే తలుపుల కట్టడాన్ని లాకులంటాం. ఫోన్ లాక్, లాకప్, లాక్‌డౌన్ తాళంతో ముడిపెట్టి చెప్పేస్తాను. ఈ రెండింటికీ ఏం చెప్పాలి? డిక్షనరీలో అర్థాలు వరసగా చదివిస్తే బుర్రకెక్కవు. కళ్లతో చూసి తెలుసుకునేలా చెప్పాలని నా తాపత్రయం.

విజ్జేశ్వరం అబ్బాయి:
టీచరు గారూ, మా నాన్న కాలవ మీద లస్కరుగా, అంటే లాకులూ నీళ్లూ చూసుకునే పనిలో చేశారు. లాకుకి వేరే తాళమెందుకండీ, నీళ్లకి అదే తాళం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలవల్ని కాటన్ దొర పొలాలకే కాదు, పడవలకీ పనికొచ్చేలా తవ్వించారు. కాలవ ఒక మట్టం నుంచి కిందికి దిగే చోట పడవ ఎలా దిగాలి? అక్కడ రెండు జతల తలుపుల మధ్య ఒక గది కడతారు. పడవ అందులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. ముందు వైపు షట్టర్లు ఎత్తితే గదిలో నీళ్లు తగ్గుతూ, పడవ మెల్లగా దిగువ మట్టానికి వస్తుంది. అప్పుడు ముందు తలుపులు తీస్తారు.

పిల్లలకి తప్పకుండా చెప్పాల్సింది తలుపుల సంగతి. పాత లాకుల్లో రెండు రెక్కలూ మూసినప్పుడు తిన్నగా ఉండవు, ఎగువ వైపుకి మొన తేలి ఉంటాయి. నీళ్లు ఎంత నెడితే అంత బిగుస్తాయి. రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా ఎంతమంది పట్టినా కదలవు. అంతకన్నా గట్టి తాళం ఏముంటుందండీ!

అమలాపురం లెక్చరరు:
పై మాట బాగుంది. మూసే లాక్‌కి పాత ఇంగ్లీషులో గడియ అనీ, చుట్టూ మూసిన చోటు అనీ అర్థాలున్నాయి. కాలవ లాకు ఆ కుటుంబంలోదే. జుట్టు లాక్ మాత్రం వేరే మాట. వెయ్యేళ్ల కిందటే ఆ రెండూ విడివిడి పదాలు, తర్వాత ఒకేలా పలకడం వల్ల కలిసిపోయినట్టు కనిపిస్తున్నాయి. దయచేసి వాటికి చుట్టరికం కలపకండి, పిల్లలకి తప్పు నాటుకుపోతుంది. జుట్టు పాయ అని చెప్పండి చాలు. జడకి మూడు పాయలు తీస్తాం, గోదారి గౌతమిగా, వశిష్ఠగా పాయలవుతుంది, వాళ్లకి వెంటనే తడుతుంది.

పెద్ద పిల్లలుంటే ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ కూడా చెప్పండి. మూడూ తుపాకీ భాగాలు, అక్కడ లాక్ అంటే మందు పేల్చే యంత్రం. మూడూ చేరితే మొత్తం తుపాకీ, అందుకే ‘సర్వం, ఏదీ మిగల్చకుండా’ అని అర్థం. లాక్‌జా అంటే ధనుర్వాతం, దవడలు బిగుసుకుపోతాయి కదా.

ఆత్రేయపురం టీచరు:
చాలా సంతోషమండి ఇద్దరికీ. తొట్టెలో నీళ్లు పోసి, రెండు రేకు ముక్కలు మొన వచ్చేలా పెట్టి చూపిస్తాను. ఒక పిల్లాడు వాళ్ల నాన్న ఇంజనుకి ‘ఎయిర్ లాక్’ అయిందన్నాడు. అది ఏ లాక్?

రావులపాలెం మెకానిక్:
అదీ మూసే లాకే మేడమ్, కాకపోతే మూసేది గాలి. ట్యాంకులో డీజిల్ పూర్తిగా అయిపోతే లైన్‌లోకి గాలి చేరుతుంది. తర్వాత డీజిల్ పోసినా ఆ గాలి దారికి అడ్డంపడి పంపుకి అందనివ్వదు, హ్యాండిల్ ఎంత తిప్పినా ఇంజను అందుకోదు. ఫిల్టరు మీదున్న చిన్న బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చినప్పుడు బోల్టు బిగించాలి. ఆ అబ్బాయిని వాళ్ల నాన్న పక్కన నిలబడి ఆ బుడగలు చూడమనండి.